నేలక్రింది నీటి జాడ



కిష్కింధాకాండలోని యొక చిన్న ఘట్టమును మీలో పెక్కుమంది పురాణ కాలక్షేపములందు వినియే యుందురు. సీతాదేవిని వెదకుచు దక్షిణదిక్కునకు బోయిన వానరులు దప్పిచే నాలుకలు పిడచకట్టి తిరుగుచుండగా, ఒక బిలద్వారమునుండి హంసలు, సారసములు, చక్రవాకములు వెలికి వచ్చుట చూచిరి. వాని ఱెక్కలు తడిసి యున్నవి. అది చూచి హనుమంతుడు లోపల నీరున్నదని నిశ్చయించెను. పిమ్మట వారందఱు ఆ చిమ్మచీకటిలో ఒకరి నొకరు పట్టుకొని లోనికి దిగిరి.

నేను తర్కసంగ్రహము చదువుకొన్న దినములలో మా గురువుగారు అనుమాన ప్రమాణమునకు పొగయు నిప్పును చెప్పిన తరువాత ఈ తడిసిన ఱెక్కలను గూడ చెప్పెడివారు. చెప్పి యొక మాట చేర్చెడివారు. 'హనుమంతుడు నీరున్నదని మాత్రమే నిశ్చయించెను. ఆ నీరెట్టిదో లోనికి బోయి చూచిన పిమ్మటనే తెలిసినది' అని. ఈ రెండవ మాటను నేను చాలకాలము మఱచితిని. మఱచుటవలన జరిగిన దొకటి మీకు చెప్పవలసి యున్నది. దానికి ముందు మన నేల సంగతి కొంత వినవలెను.

అవుకు చుట్టుపట్ల నుండు మన కొక విశేషము గలదు. భూమి పొరలకే మన యూళ్ళ పేర్లున్నవి. భారత భూగర్భ పరిశోధన శాఖకు చెందిన విలియం కింగ్ అను నాతడు 1872లో కడప, కర్నూలు సీమల రాళ్ళను గూర్చి గ్రంథము ప్రకటించెను. ఇప్పటి శాస్త్రజ్ఞుల వాడుకలో కర్నూలు సీమ రాతిపొరలు క్రిందినుండి మీదికి ఇట్లుండును: బనగానపల్లె ఇసుకరాయి, నార్జి సున్నపురాయి, అవుకు పలకరాయి, పాణ్యం ఇసుకరాయి, కోవెలకుంట్ల సున్నపురాయి, నంద్యాల పలకరాయి. అవుకు రాజుల పేరెఱుగని దేశములలో గూడ అవుకు రాతి పేరెఱిగిన వారున్నారన్న మాట. ఈ పొరలలో నీటికి మిక్కిలి వశమగునది సున్నపురాయి. మనము ఇండ్లలో పరచుకొను నాపబండ యీ జాతిదే.

వాననీరు నేలలో ఇంకునపుడు, వేళ్ళ నడుమను, కుళ్ళిన ఆకులలోను బుట్టు బొగ్గుపులుసు వాయువును తనలో కలుపుకొని కొంచెము పుల్లనగును. ఆ పులుపు మన నాలుకకు తెలియదు, సున్నపురాతికి తెలియును. నెఱ్ఱె పట్టుకొని దిగిన నీరు రాతిని కరగించుచు, వేలవేల యేండ్లకు నెఱ్ఱెను సందుగను, సందును సొరంగముగను జేయును. అట్లు కరగిన సున్నమే నీరు కాచిన బిందె యడుగున తెల్లని పెచ్చుగా గట్టును. అదియే గుహల కప్పునుండి ఊడలవలె వ్రేలాడును. కావున మన కొండలు బయటికి గుండువలె గనబడినను లోపల ఏకశిలలు కావు. శ్రీశైలము నీటిని గండికోట వైపునకు గొనిపోవుటకై అవుకు కడ కొండను దొలిచినపుడు, నడుమ విఱిగిన మెత్తని నేల తగిలి, పని యేండ్ల తరబడి నిలిచిపోయిన సంగతి మీలో కొందఱు కన్నులార చూచినదే. రెండవ సొరంగము 2023 నవంబరు 30వ తేదీన గాని తెఱవబడలేదు.

అవుకునకు దక్షిణముగా కొలిమిగుండ్ల మండలములో నున్న బెలుం గుహలు నీరు దొలిచిన మేడలే. బిలమను మాటయే బెలుం అయినది. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ వీనిని గూర్చి వ్రాసెను. 1982, 83 సంవత్సరములలో డేనియల్ గెబావర్ అను జర్మను దేశీయుడు తోడివారితో వచ్చి లోపలనెల్ల కొలిచి పటము గీచెను. 3,229 మీటర్ల పొడవు తేలినది. ఒకప్పుడు చెత్త పడవేయు గోతులుగా నుండిన యీ తావును బాగుచేసి, పర్యాటకాభివృద్ధి సంస్థవారు 2002లో జనులకు తెఱచిరి. గుహలో నన్నిటికంటె లోతైన చోటునకు పాతాళగంగ యని పేరు. ప్రవేశద్వారమునకు అది 46 మీటర్ల క్రింద నున్నది. అచ్చట సన్నని పాయ యొకటి వేసవిలోను ఎండక పాఱి, రాతిసందున దూఱి కనుమఱుగగును. అది రెండు కిలోమీటర్ల దూరముననున్న బెలుం గ్రామపు బావికి చేరునని అచ్చటివారి నమ్మిక. ఇట్టి నమ్మికలను నేను తేలికగా చూడను. ఏలయన నాకు బుద్ధి వచ్చినది అట్టి యొక బావివలననే.

నేను తెలుగు పండితుడను. అయినను నేను పనిచేసిన చిన్న బడిలో ఉపాధ్యాయులు చాలకపోవుటచే ప్రకృతిశాస్త్రమును గూడ నేనే చెప్పవలసి వచ్చెడిది. నీటి పాఠము వచ్చినపుడెల్ల ఒకటే మాట చెప్పెడివాడను: 'నేల గొప్ప వడపోతగుడ్డ. ఊటనీరు దేవుడు వడగట్టి యిచ్చిన నీరు. దానిని కాచి త్రాగ నక్కఱలేదు.' ఇది నేను ఊరక కల్పించి చెప్పినది కాదు. నేను పుట్టినది పెన్న యొడ్డున. వేసవిలో ఇసుకలో చెలమ తీసి, ఆ నీరు త్రాగి పెరిగినవాడను. మూరెడు ఇసుకలో దిగిన నీరు తేటపడుట చిన్ననాటినుండి చూచితిని. పెన్న యిసుకలో నిజమైన మాటను సున్నపురాతి సీమకు దెచ్చి అట్లే అప్పగించితిని. తప్పు అచ్చట బుట్టినది.

ఆ యూరి మెట్టమీద ఒక గవి యుండెను. నిలువున దిగు ఇఱుకైన నోరు. రాయి వేసినచో చాలసేపటికి చప్పుడు వినబడెడిది. చచ్చిన గొడ్లను, మురిగిన గడ్డిని, పురుగుమందు డబ్బాలను అందులో వేయుట ఆ యూరి వాడుక. కంటికి గానరానిది పోయినట్లే యని యందఱి తలంపు, నా తలంపును అదియే. మెట్టకు దిగువన కోసెడు దూరములో నొక మజరా గలదు. దాని కంతకును ఒకటే దిగుడుబావి. నీరు అద్దమువలె నుండి, రూపాయి బిళ్ళ వేసినచో అడుగున బొమ్మ పడినదో బొరుసు పడినదో మెట్లమీదనుండి చెప్పవచ్చును. ఆ మజరా నుండి మా బడికి వచ్చు పిల్లవాని తాత నన్నొకనాడు దారిలో నిలిపి, 'అయ్యవారూ, బాయినీళ్ళు కాంచుకొని తాగమని నర్సమ్మ చెప్పిపాయె. కాంచాల్నా?' అని యడిగెను. చదువు రాకపోయినను చదువుకొన్నవారి మాటకు విలువ యిచ్చు మనుష్యుడు. నేను నవ్వి, అంత తేట నీరు కాచుట కట్టెలకు దండుగ యంటిని.

ఆ యేడు శ్రావణములో మూడు దినములు ముసురు పట్టినది. నాల్గవనాడు మజరాలో వాంతులు, విరేచనములు మొదలయినవి. ఏడిండ్లలో మంచములు పడినవి. నా శిష్యుడు పది దినములకు లేచినాడు. వాని చెల్లెలు, మరుసటి యేడు బడిలో చేరవలసినది, లేవలేదు.

కొంతకాలమునకు ఒక రైతు గవినోరు పూడ్చుదమని రెండు బండ్ల వేరుసెనగ పొట్టు తెచ్చి అందులో దిమ్మరించెను. అది యెంత పోసినను పూడలేదు. పైగా రెండునాళ్ళకు గట్టివాన కురిసినది. వాన వెలిసిన మరునాడు ఆ తాత బడికి వచ్చి, తలగుడ్డ కొంగున మూటగట్టి తెచ్చినదానిని నా బల్లమీద విప్పెను. తడిసిన పొట్టు. 'మా బాయిలో తేలింది అయ్యవారూ. మీరు చెప్పిన వడపోతగుడ్డ ఇదేనా?' అనెను. కోపముతో ననలేదు. తెలిసికొనుటకే యడిగెను. నా నోట మాట రాలేదు. ఎదుట పిల్లలున్నారు, వారిలో ఆయన మనుమడును ఉన్నాడు.

తేటగా నున్నది గనుక శుద్ధమైనది యను నా వాదమును తర్కములో హేత్వాభాస మందురు. తేటదనము నీటిలో మట్టి లేదని చెప్పును. రోగబీజము లేదని చెప్పదు. ఇసుకలో నీరు ఇసుము ఇసుము నడుమ దూఱుచు, రోజుల తరబడి మెల్లగా నడచును. సున్నపురాతి సొరంగములో నది వంకవలె పరుగెత్తును. ఉదయము గవిలో పడినది రెండుదినములకు బావిలో నుండవచ్చును, వడగట్టువాడు నడుమ నెవ్వడును లేడు.

ఆ పొట్టు నన్ను విడువలేదు. ఈ విషయమై ఇతరులేమి చేసిరో తరువాత దొరికినంతవఱకు చదివితిని. వరాహమిహిరుడు బృహత్సంహితలో దకార్గళమను అధ్యాయమున, మనుష్యుని మేనిలో నాళములున్నట్లే భూమిలో నీటినాళములున్నవని చెప్పినాడు. ఏ నాళ మెచ్చట బుట్టి యెచ్చట తేలునో కనుగొనుటకు జర్మనీ దేశమున 1877లో ఒక పరీక్ష జరిగినది. అచ్చట డాన్యూబు నది పుట్టుకకు కొంచెము దిగువనే దాని నీరు సున్నపురాతి నేలలో ఇంకిపోవును. పండ్రెండు కిలోమీటర్ల యవతల ఆఖ్ అను పెద్ద బుగ్గ గలదు. ఆ నీరు ఈ నీరేనా యని రెండు వైపుల యంత్రశాలల వారికి తగవు పడినది. మన కాలువ తగవుల వంటిదే. క్నోప్ అను శాస్త్రజ్ఞుడు ఆ యింకుడు గుంటలలో పది కిలోల ఫ్లోరెసీన్ అను రంగును, ఇరువది టన్నుల ఉప్పును, ఘాటైన వాసనగల రాతినూనెను కలిపించెను. అఱువది గంటలు గడచునప్పటికి ఆఖ్ బుగ్గ పచ్చగా మెఱసి, ఉప్పనై, నూనె కంపు కొట్టెను. కన్ను, నాలుక, ముక్కు, మూడును సాక్ష్యమిచ్చినవి. మా తాత పొట్టు చేసిన సాక్ష్యమును అట్టిదే. ఒక్కటే భేదము. క్నోపు తెలిసి చేసెను, మేము తెలియక చేసితిమి.

రంగు నీటి మొదలును తుదను మాత్రమే చెప్పును. నడుమ నేమున్నదో చూడవలెనన్నచో మనుష్యుడు లోనికి మునుగవలసినదే. ఫ్రాన్సు దేశములో వోక్లూజ్ అను బుగ్గ యొకటి కొండ మొదట బుట్టి యేరై పాఱును. 1878లో ఒట్టొనెల్లి యను నాతడు అందు 23 మీటర్ల వఱకు దిగెను. 1946లో జాక్ కూస్తో, ఫ్రెడెరిక్ డ్యూమా అనువారు వీపున గాలిసీసాలు కట్టుకొని దిగి, మతి తప్పి, చావు తప్పి బయట పడిరి. పిమ్మట విచారింపగా, సీసాలలో గాలి నింపిన యంత్రము తాను విడిచిన పొగనే తాను పీల్చి సీసాలలో నింపినదని తేలెను. నీటి దోషమును వెదకబోయినవారికి గాలి దోషము తగిలినది. 1985లో మనుష్యుడు లేని చిన్న యంత్రమును దింపగా అడుగు 308 మీటర్ల కడ దొరికినది.

సముద్రములో మునిగినవాడు ఊపిరి చాలకున్న పైకి లేచును. గుహలో మునిగినవానికి పైన రాయి. కాలు కదపినచో అడుగున నున్న మెత్తని యొండ్రు లేచి, చేతిలోని దీపము కంటికి గానరాదు. అందుచే వీరు దారి పొడవునను త్రాడు కట్టుకొనుచు పోయి, ఆ త్రాటిని తడవుకొనుచు మరలుదురు. ఒక్కొకరికి మూడు దీపములు. గాలి విషయమున వారి లెక్క నాకు మిక్కిలి నచ్చినది. మూడవ వంతు పోవుటకు, మూడవ వంతు వచ్చుటకు. మిగిలిన మూడవ వంతు తనది కాదు, తోడివానికి ఆపద వచ్చినప్పటికి. షెక్ ఎక్స్‌లీ అను అమెరికా దేశీయుడు గుహలలో మునిగి చనిపోయినవారి వృత్తాంతములను పరిశీలించి యిట్టి నియమములతో 1979లో ఒక చిన్న పుస్తకము ప్రకటించెను. అంత యెఱిగిన యాతడే 1994లో మెక్సికోలోని యొక అగాధమైన నీటిగుంటలో ప్రాణము విడిచెను. మన పిల్లలు సెలవులలో బావులందును, గవులందును పందెములు వేసికొని దిగుదురు. వారికి మీరీ సంగతి చెప్పవలెను. శిక్షణ, సాధనములు, తోడు లేనివానికి గవినీరు ఈతకొలను కాదు.

ఇంత కష్టపడి లోనికి పోవుట యెందులకు, బుగ్గ నోటనే చెంబు ముంచరాదా యని మీరడుగవచ్చును. నోటికి వచ్చుసరికి అన్ని పాయల నీళ్ళును కలిసిపోవును. పది వంకలు కలిసిన చెఱువునీటిని చూచి, బురద తెచ్చిన వంక యేదో చెప్పగలమా? లోపల పాయలు చీలుచోట పాయకొక సీసా పట్టినచో మాలిన్య మెటునుండి వచ్చుచున్నదో తెలియును. సీసా పట్టుటలోను మెలకువ గలదు. మునిగినవాడు ప్రవాహమున కెదురుగా చేయి చాచి, తానింకను కదలింపని నీటిలో మూత తీయును. తాను లేపిన యొండ్రుగాని, విడిచిన గాలిబుడగగాని అందులో చేరరాదు. నీటిలో కరగిన వాయువులను కొలుచుటకైనచో సీసాలో బుడగ మిగులకుండ నింపి మూయవలెను. తావు, లోతు, వేళ సీసామీదనే వ్రాయవలెను. ఎచ్చటిదో తెలియని సీసా యెంత శ్రమపడి తెచ్చినను పాఱబోయవలసినదే.

అమెరికాలోని ఫ్లోరిడా సీమలో వకుల్లా యను గొప్ప బుగ్గ గలదు. గాజు అడుగుల పడవలలో ప్రజలను త్రిప్పి అడుగు చూపెడి తావది. రానురాను నీటిలో నైట్రేటు పెరిగి, నాచు మొలచి, తేట తగ్గినది. దూరముననున్న టల్లహాసీ నగరమువారు మురుగునీటిని శుద్ధిచేసి పొలములమీద చల్లుచుండిరి. ఆ పొలముల కడ వేసిన రంగు బుగ్గలో తేలెను. 2007లో గజయీతగాండ్రు ఆ బుగ్గను, లియాన్ సింక్స్ అను గోతుల వరుసను కలుపు నీటిసొరంగము నొకటే సొరంగమని లోపల ఈది నిరూపించిరి. నగరమువారు మురుగును శుద్ధిచేయు పద్ధతిని మార్చుకొనిరి. సీసాలును, పటమును ముందు పెట్టిన తరువాత కాదనుటకు వీలు లేకపోయినది.

మన పాతాళ జలములలో నీరొక్కటియే లేదు. గుత్తికొండ బిలములోని నీటిలో కన్నులు లేని యొక చిన్న జీవి దొరికినది. రొయ్యకు దూరపు చుట్టము, మేనికి రంగు లేదు. ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయమునకు చెందిన రంగారెడ్డి గారును, ఆస్ట్రేలియాకు చెందిన విల్సన్ గారును 2011లో దానికి ఆంధ్రకాయిడిస్ అని మన సీమ పేరు పెట్టిరి. దాని దాయాది యొకటి బెలుం గుహలలో దొరకగా దానికి గెబావర్ పేరు పెట్టినారు. వీని చుట్టములు ఆస్ట్రేలియా నేల నీళ్ళలో నున్నవి. ఆ ఖండమును మన దేశమును ఒకే భూఖండముగా నున్న కాలపు జాతి యిది. మన తాత ముత్తాతల కంటె ముందునుండి ఆ చీకటిలో కాపురమున్న జీవులవి. వానికి వేఱు బావి లేదు. మనము గవిలో పోసిన పురుగుమందు మనకంటె ముందు వానికి చేరును.

మన యూళ్ళలో మునుగువారు లేకపోయినను సీసా పట్టుట మన చేతిలోని పని. గ్రామీణ నీటిసరఫరా శాఖవారి ప్రయోగశాలలున్నవి. ముందుగా వారి నడిగి, వారు చెప్పిన విధమున శుద్ధిచేసిన సీసాలో పట్టి, మంచు నడుమ బెట్టి, ఆనాడే చేర్చవలెను. వేసవిలో నొకసారి, తొలకరి వానలు పడిన వెంటనే మఱొకసారి పట్టినచో మేలు. నా దృష్టిలో రెండవదే ముఖ్యము, గవులు కడిగికొని వచ్చు నీరది. మన దేశపు ప్రమాణము ప్రకారము త్రాగునీరు లీటరులో నైట్రేటు 45 మిల్లీగ్రాములకు మించరాదు. మలమునుండి వచ్చు ఇ-కోలి యను సూక్ష్మజీవి నూఱు మిల్లీలీటర్ల నీటిలో ఒక్కటియు నుండరాదు. నైట్రేటు కాచినను పోదు, సూక్ష్మజీవి కాచిన చచ్చును. ఈ భేదము ఇంటి యాడువారికి తెలియజెప్పవలెను.

ఆ యూర గవినోటి చుట్టు తరువాత నాపరాళ్ళతో నడుమెత్తు గోడ కట్టి, మీద ఇనుప చువ్వలు పఱచినారు. వాననీరు దిగును, గొడ్డు దిగదు. కట్టినవారిలో నా శిష్యుడొకడు. ఇప్పటికిని తొలకరికి బావినీటి సీసా పట్టుకొని పోవువాడు వాడే.

నాకు ఆ యూరినుండి బదిలీ యయినపుడు, బయలుదేరుటకు ముందు మజరాకు బోయితిని. తాత యరుగుమీద కూర్చుండి యుండెను. 'పెద్దాయనా, నీవారోజు అడిగినదానికి జవాబు చెప్పలేదు. గుడ్డ అదే, దానికి బొక్కలున్నాయి. నేను చూడకుండానే చెప్పినాను' అంటిని. ఆయన కొంతసేపు మెట్టవైపు చూచి, లోనికి కేకవేసి నాకు త్రాగుటకు నీళ్ళు తెప్పించెను. కాచిన నీళ్ళు. చెంబు ఇంకను గోరువెచ్చగా నుండెను.